ఒక్క మీట, వేయి కంప్యూటర్లు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



నెల క్రితం కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు చాలా ఏళ్లు కంప్యూటరు విభాగంలో ఉన్నారు కదా, జోనల్ ఆఫీసులో కూర్చుని ఊరూరా ఉన్న కంప్యూటర్లను ఎలా నడిపేవారో అందరికీ అర్థమయ్యేలా ఓ అరగంట చెప్పండి" అన్నారు. "అందరం పెన్షను పుచ్చుకుంటున్నవాళ్లం, మనకిప్పుడు ఆ గొడవ ఎందుకండీ?" అన్నాను. దానికాయన, "మన సభ్యుల్లో ఇద్దరు ఈ మధ్య ఎవరో ఫోను చేసి చెప్పింది నొక్కి డబ్బు పోగొట్టుకున్నారు. అదీ మీ విద్యే అంటున్నారు" అన్నారు. ఆ మాట విన్నాక కాదనలేకపోయాను. మా విద్యే. అందుకే ఇవాళ ఆ విద్య ఎలా పుట్టిందో, ఏం మేలు చేసిందో, నా చేతిలోనే అది ఒకసారి ఎలా అడ్డం తిరిగిందో చెప్పి, చివరికి మన జేబులో ఫోను దగ్గరికి వస్తాను.

ఫ్లాపీల సంచి

బ్యాంకుల్లోకి కంప్యూటర్లు ఎలా వచ్చాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. 1983లో యూనియన్లతో ఒప్పందం, 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక, ఆ వెనక బ్రాంచీల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు. "యంత్రాలొస్తే ఉద్యోగాలు పోతాయి" అని గేటు మీటింగుల్లో గొంతు చించుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. తీరా చూస్తే నా ఉద్యోగమే ఆ యంత్రాలతో ముడిపడిపోయింది.

మొదటి రోజుల్లో కంప్యూటర్ల నిర్వహణ అంటే బస్సు ప్రయాణమే. వడ్డీ లెక్క మారినా, కొత్త ఫారం వచ్చినా, మార్చిన ప్రోగ్రామును ఫ్లాపీల మీదకు ఎక్కించుకుని, సంచిలో పెట్టుకుని బయలుదేరాలి. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఈ రోజు మనవడు ఫోనులో తీసే ఒక ఫోటో కూడా అందులో పట్టదు. ప్రోగ్రాము ఏడు ఫ్లాపీలైతే, ఆరోది చదవనని మొండికేసేది. మళ్లీ జోనల్ ఆఫీసుకు, మళ్లీ బస్సు. బ్రాంచీలన్నీ తిరిగి వచ్చేసరికి నెలన్నర. ఈలోగా మొదటి బ్రాంచిలో కొత్త లెక్క, చివరి బ్రాంచిలో పాత లెక్క.

అయితే ఆ తిరుగుడులో ఒక లాభం ఉంది. ప్రతి కంప్యూటరూ నాకు ముఖపరిచయం. ఏది కిటికీ పక్కన వాన జల్లుకు తడుస్తుందో, ఎక్కడ ఎలుకలు తీగలు కొరుకుతాయో, ఏ కౌంటరులో నాలుగేళ్ల కిందటి పాత యంత్రం ఉందో నాకు నోటికొచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

కూర్చున్న చోటి నుంచే

తరువాత మోడెములు వచ్చాయి. టెలిఫోను తీగ మీదుగా అవతలి కంప్యూటరు తెరను ఇక్కడ చూపించే పీసీ ఎనీవేర్ లాంటి ప్రోగ్రాములు వచ్చాయి. 1998లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో ఒక పరిశోధనశాల వి.ఎన్.సి. అనే ప్రోగ్రామును ఉచితంగా విడుదల చేసింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఇలాంటి సౌకర్యం లోపలే పెట్టి ఇచ్చారు. వీటి కిటుకు చాలా తేలిక. అవతలి తెర మీద మారిన భాగం బొమ్మగా ఇక్కడికి వస్తుంది. ఇక్కడ మనం నొక్కిన మీటలు, కదిపిన మౌసు అక్కడికి వెళ్తాయి. ఆ కంప్యూటరుకు మాత్రం తన ముందు కూర్చున్న మనిషికీ, వంద మైళ్ల అవతల కూర్చున్న మనిషికీ తేడా తెలియదు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

కానీ ఒక్కొక్క తెరనూ తెరిచి చూడటం పది కంప్యూటర్లకు సరిపోతుంది, వెయ్యికి సరిపోదు. అందుకు రెండో రకం పనిముట్లు పుట్టాయి. మైక్రోసాఫ్టు వారు 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ అనే దాన్ని తెచ్చారు. ఇతర కంపెనీలవీ వచ్చాయి. వీటిలో ప్రతి కంప్యూటరులోనూ ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాము కాపురం ఉంటుంది. అది మన గ్రామసేవకుడి లాంటిది. ఎప్పటికప్పుడు కేంద్ర సర్వరును "నాకేమైనా పని ఉందా?" అని అడుగుతుంది, చెప్పిన పని చేస్తుంది, చేశానని కబురు పంపుతుంది.

ఆ ఏజెంటు చేసే పనులు ముఖ్యంగా మూడు. మొదటిది జాబితా: ఈ యంత్రంలో మెమరీ ఎంత, డిస్కులో ఖాళీ ఎంత, ఏయే ప్రోగ్రాములున్నాయి. రెండోది పంపిణీ: కొత్త ప్రోగ్రాములు, లోపాల సవరణలు దించి అమర్చడం. మూడోది నిబంధనలు: పాస్‌వర్డు ఎన్ని రోజులకు మార్చాలి, ఫ్లాపీ వాడవచ్చా లేదా. చేసిన ప్రతి పనికీ ఏ తేదీన, ఏ గంటకు, ఎవరి ఆజ్ఞతో జరిగిందో చిట్టా ఉంటుంది. దాన్ని లాగ్ అంటారు. మన డే బుక్కు లాంటిదే.

ఇందులో కొన్ని ఏర్పాట్లు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. రాత్రి ఆపేసిన కంప్యూటరును దూరం నుంచి లేపాలంటే ఒక ప్రత్యేక సందేశం పంపుతారు. అందులో ఆ యంత్రానికి మాత్రమే ఉండే గుర్తు సంఖ్య వరసగా 16 సార్లు ఉంటుంది. గాఢనిద్రలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పదహారుసార్లు పిలిచినట్టు. అలాగే విండోస్‌లో నిబంధనల కోసం ప్రతి కంప్యూటరూ 90 నిమిషాలకోసారి సర్వరును అడుగుతుంది. కానీ ఆ 90కి తోడు సున్నా నుంచి 30 లోపు ఎన్నో కొన్ని నిమిషాలు కలుపుకుంటుంది. ఎందుకంటే అన్నీ ఒకేసారి వచ్చి మీదపడితే సర్వరు కూలిపోతుంది. ఒకటో తారీకు పొద్దున్నే పెన్షనర్లందరూ ఒకే కౌంటరు దగ్గరకు వస్తే ఏమవుతుందో మనకు తెలియనిదా?

ఇంకో లెక్క చెబుతాను. ఆ రోజుల్లో చాలా బ్రాంచీలకు ఉన్న లైను సెకనుకు 64 కిలోబిట్లు. పది మెగాబైట్ల సవరణ ఆ లైను మీద దిగాలంటే సుమారు 21 నిమిషాలు. బ్రాంచిలోని 20 కంప్యూటర్లు దేనికది దించుకుంటే ఏడు గంటలు. అంటే ఆ రోజు ఖాతాదారులకు సేవ లేనట్టే. అందుకని ఒక్క కాపీ రాత్రిపూట బ్రాంచి సర్వరుకు పంపి, అక్కడి నుంచి మిగతావి తెచ్చుకునేలా చేసేవాళ్లం. నెలన్నర బస్సు ప్రయాణం ఒక్క రాత్రికి కుదించుకుపోయింది. ఆ రోజుల్లో నాకు కొంచెం గర్వం కూడా పట్టుకుందని ఒప్పుకోవాలి.

2004 జూన్ ఒకటి

ఆ గర్వం దిగిన రోజు 2004 జూన్ 1. పాస్‌పుస్తకాల ముద్రణకు కొత్త ప్రోగ్రాము ఒకటో తారీకు నాటికి అన్ని బ్రాంచీల్లోనూ ఉండాలని పైనుంచి ఉత్తరువు. మే 31 సాయంత్రానికి ప్యాకేజీ సిద్ధమైంది. వందకు దగ్గరగా బ్రాంచీలు, వెయ్యికి పైగా కంప్యూటర్లు. మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాడొకడు, "సార్, ఈ రాత్రికి ఐదు బ్రాంచీలకు పంపి, రేపు చూసి మిగతావాటికి పంపుదామా?" అన్నాడు. "గడువు రేపేనయ్యా, ఇక్కడ మన కంప్యూటర్ల మీద చూశాం కదా" అని మీట నొక్కేశాను.

మేము చూసినవి జోనల్ ఆఫీసులోని కొత్త కంప్యూటర్లు. బ్రాంచీల్లో ఇంకా పాతవి ఉన్నాయి. వాటి డిస్కుల్లో ఖాళీ లేదు. జాబితాలో ఆ సంగతి స్పష్టంగా ఉంది, నేను చూడలేదు. జరిగిందేమిటంటే, ప్యాకేజీ అమర్చడానికి చోటు లేక పాత ప్రోగ్రామే మిగిలిపోయింది. పని ముగిశాక కంప్యూటరును ఆపి మళ్లీ మొదలుపెట్టమని అందులోనే ఆజ్ఞ ఉంది. మళ్లీ మొదలవగానే ఏజెంటు చూసింది: ఇంకా పాత ప్రోగ్రామే ఉందే! మళ్లీ అమర్చబోయింది, మళ్లీ చోటు చాలలేదు, మళ్లీ ఆపి మొదలుపెట్టింది. తెల్లవార్లూ అదే పని.

పొద్దున్న పది గంటలకు ఫోన్లు మొదలయ్యాయి. బయట రోహిణి కార్తె ఎండ, లోపల పెన్షనర్ల వరస. బ్రాంచి సర్వరు బాగానే ఉంది, కానీ లెక్కలు చూపించే కౌంటరు కంప్యూటర్లు లేచినట్టే లేచి పడిపోతున్నాయి. కేంద్రంలో ఆ పని రద్దు చేశాం. ఆ రద్దు కబురు వినేంతసేపు కూడా అవి మేలుకుని ఉండటం లేదు. చేతులు అంత పొడుగున్నాయనుకున్న మాకు ఆ పూట ఒక్క వేలు కూడా అక్కడికి చేరలేదు.

చివరికి చేసిందేమిటో తెలుసా? టెలిఫోను. ఒక్కో బ్రాంచికి ఫోను చేసి, "కంప్యూటరు వెనక నుంచి నెట్‌వర్కు తీగ పీకెయ్యండి" అని చెప్పాం. తీగ పీకితే సర్వరు కనపడదు, ప్యాకేజీ అందదు, యంత్రం నిలబడుతుంది. తరువాత ఏ ఫైళ్లు చెరపాలో అక్షరం అక్షరం చెప్పి చోటు చేయించి, మళ్లీ తీగ పెట్టించాం. చాలా చోట్ల ఆ తీగ పీకింది, ఆ ఫైళ్లు చెరిపింది అటెండర్లు, క్యాషియర్లు. అన్నీ లేచేసరికి మర్నాడు సాయంత్రమైంది.

పల్నాడు వైపు ఒక చిన్న బ్రాంచిలో మాత్రం పెన్షన్లు ఆగలేదు. అక్కడి హెడ్ క్యాషియరు గారు ప్రతి సాయంత్రం ఖాతాల నిల్వలు కాగితం మీద ముద్రించి ఫైలు చేయించే మనిషి. "ఈ కాగితాల ఖర్చెందుకండీ" అని అంతకుముందు నేనే ఆయన్ని విసుక్కున్నాను. ఆ రోజు ఆయన ఆ కాగితాలు ముందేసుకుని, చేత్తో వోచర్లు రాయించి, రెండో సంతకం పెట్టించి, మధ్యాహ్నంలోగా అందరికీ డబ్బిచ్చి పంపారు.

మూడో రోజు నివేదిక రాయాలి. మొదటి కాగితం మీద "సాంకేతిక లోపం వల్ల" అని మొదలుపెట్టాను. ఎదురు బల్ల దగ్గర ఆ కుర్రవాడున్నాడు. ఏమీ అనలేదు, తల వంచుకుని తన పని చేసుకుంటున్నాడు. ఆ కాగితం చించేశాను. "ముందుగా కొద్ది బ్రాంచీల్లో పరీక్షించాలన్న సూచనను నేను తోసిపుచ్చాను" అని రాసి సంతకం చేశాను. ఎలాగూ లాగ్‌లో ఉన్నది నా పేరే. మెమో వచ్చింది. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

పెద్దవాళ్లకూ తప్పలేదు

ఇది మా ఒక్కరి అమాయకత్వం అనుకుంటే పొరపాటు. ఆ తరువాత ప్రపంచంలో జరిగినవి రెండు చెబుతాను.

2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాము ఉక్రెయిన్‌లో బయలుదేరింది. అక్కడ పన్ను లెక్కలకు వాడే ఒక ప్రోగ్రాము సవరణల దారిలోనే దాన్ని పంపారు. లోపలికి వచ్చాక అది ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పాకడానికి వాడుకున్న వాటిలో మాబోటి నిర్వాహకులు రోజూ వాడే పనిముట్లే ఉన్నాయి. నిర్వాహకుడి పాస్‌వర్డు దొంగిలించి, అతని పేరుతోనే ఆజ్ఞలిచ్చింది. డెన్మార్కుకు చెందిన మెర్స్క్ ఓడల కంపెనీ 45,000 కంప్యూటర్లను, 4,000 సర్వర్లను మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాల్సి వచ్చింది. ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే వారి సర్వర్లన్నీ ఒకదాన్ని చూసి ఒకటి నకలు రాసుకునేవి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్న ధీమాతో చేసిన ఏర్పాటు అది. అన్నీ ఒకేసారి పోయాయి. ఒక్క ఘనా దేశంలోని సర్వరు మిగిలింది. ఎందుకో తెలుసా? ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోతను తిట్టుకుంటూ బతికిన మనకు ఈ కథ బాగా అర్థమవుతుంది.

రెండోది 2024 జులై 19. ఇందులో దొంగ ఎవరూ లేడు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటరు రక్షణ కంపెనీ పంపిన ఒక సవరణలో తప్పుంది. గంటంబావులో వెనక్కి తీసుకున్నారు. ఈలోపే మైక్రోసాఫ్టు వారి అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. మా 2004 నాటి కథే: యంత్రం లేవదు, లేవనిదే దూరం నుంచి అందదు. చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటరు దగ్గరికీ నడిచి వెళ్లి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. మన శంషాబాద్ విమానాశ్రయంలో కూడా బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ తరువాత ఆ కంపెనీ, ఇకపై అలాంటి సవరణలను ముందు కొద్దిమందికి పంపి, చూసి, ఆపై మిగతావారికి పంపుతామని ప్రకటించింది. పత్రికలో ఆ వార్త చదివి నాకు మా కుర్రవాడు గుర్తొచ్చాడు. "ఐదు బ్రాంచీలకు పంపి చూద్దామా సార్?"

ఇప్పుడు మన ఫోను

మిత్రులారా, ఇప్పుడు అసలు విషయం. మనం పోగొట్టుకుంటున్న డబ్బు కూడా ఈ పనిముట్లతోనే పోతోంది. మోసగాడు ఫోను చేస్తాడు. "మీ కెవైసి గడువు అయిపోయింది" అంటాడు. లేదా "మీ లైఫ్ సర్టిఫికెట్టు నమోదు కాలేదు, పెన్షను ఆగిపోతుంది" అంటాడు. ఎంతో మర్యాదగా, "మీకు శ్రమ ఎందుకు సార్, నేనే చేసి పెడతాను" అని, ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రాము ఫోనులో దించుకోమంటాడు. అందులో కనిపించే సంఖ్య చదవమంటాడు. అనుమతి అడిగే కిటికీ వస్తే నొక్కమంటాడు. అంతే. ఇక మీ తెర అతని తెరే. ఓటీపీ మీరు చెప్పనక్కర్లేదు, అతనే చదువుకుంటాడు. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు ఈ పద్ధతి గురించి బ్యాంకులను హెచ్చరించింది.

ఆ ప్రోగ్రాములు దొంగవి కావు. మరమ్మతు చేసేవాళ్లు నిజాయితీగా వాడే పనిముట్లే. నేనూ అలాంటివాటితోనే జీతం తీసుకున్నాను. తేడా ఒక్కటే. మా ఆఫీసులో తెర తెరిచే ముందు మేము బ్రాంచికి ఫోను చేసేవాళ్లం, వారు మా గొంతు గుర్తుపట్టేవారు, లాగ్‌లో మా పేరు పడేది, తప్పు జరిగితే మెమో వచ్చేది. ఇక్కడ అవేమీ లేవు. పైగా పిలిచింది మీరు కాదు, వాడే వచ్చాడు.

డబ్బు పోగొట్టుకున్న ఇద్దరిలో ఒకరు నాతో చాలాసేపు మాట్లాడారు. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాను. ముప్పై ఏళ్లలో రెండో సంతకం లేని వోచరు ఒక్కటి కూడా దాటనివ్వని మనిషి. చెక్కు మీద తేదీ దిద్దుబాటు కనిపిస్తే వెనక్కి పంపే మనిషి. "నాకు ఎలా బుద్ధి లేకపోయిందండీ?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేనన్నాను: బుద్ధి లేక కాదు. ఆ రోజు ఇంట్లో మీరొక్కరే ఉన్నారు. రెండో సంతకం పెట్టడానికి ఎవరూ లేరు. ఒకే మనిషి రాసి, ఒకే మనిషి పాస్ చేసిన వోచరు అది. 2004లో నేను చేసిందీ అదే. పక్కనే రెండో మనిషి ఉండి కూడా వినలేదు కనుక నా తప్పు ఆయన తప్పుకన్నా పెద్దది.

కనుక నేను చెప్పేవి మూడే మాటలు. ఒకటి, తనంతట తాను ఫోను చేసినవాడు ఎవరైనా సరే, బ్యాంకని చెప్పినా, పోలీసని చెప్పినా, అతను చెప్పిన ప్రోగ్రాము దించుకోవద్దు. వాట్సాప్‌లో పంపిన ఫైలూ తెరవవద్దు. బ్యాంకు పని ఉంటే పాస్‌పుస్తకం మీదున్న నంబరుకు మీరే ఫోను చెయ్యండి, లేదా బ్రాంచికి వెళ్లండి.

రెండు, పొరపాటున నొక్కేశారని తెలిస్తే ముందు తీగ పీకండి. అంటే ఫోనులో ఏరోప్లేన్ మోడ్ నొక్కి నెట్టు ఆపండి, అది తోచకపోతే ఫోను ఆపెయ్యండి. తెర తెగిపోతే అతని చెయ్యీ తెగిపోతుంది. వెంటనే ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు, జాతీయ సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కి చెప్పండి. సిగ్గుపడి రాత్రంతా ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఎంత తొందరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

మూడు, రెండో సంతకం. డబ్బుకు సంబంధించి ఫోనులో ఎవరేం నొక్కమన్నా, "పది నిమిషాలాగి చేస్తాను" అని పెట్టేసి, మన సభ్యుల్లో ఒకరికి ఫోను చెయ్యండి. నిజమైన పని పది నిమిషాలు ఆగుతుంది. ఆగనంటున్నాడంటేనే అనుమానించాలి. ఇందుకోసం ప్రతి పేటకూ ఇద్దరు సభ్యులను ఎంచి, వారి నంబర్లు మన వార్తాపత్రిక వెనక అట్ట మీద వేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మా పేటకు నా నంబరు వేయండి. ఏ వేళైనా ఫోను చేయవచ్చు. తెలియని విషయం అడిగారని ఎవరినీ విసుక్కోను. ఒకసారి విసుక్కున్నందుకు ఏం జరిగిందో మీకు చెప్పాను కదా.

ఒక్క మీటతో వేయి కంప్యూటర్లు కదిలించవచ్చు. ఆ మీట మీద ఒక్క వేలే ఉండటం మాత్రం మంచిది కాదు. మన తరం వోచర్ల దగ్గర నేర్చుకున్న పాఠం ఇదే. యంత్రాలు మారాయి, పాఠం మారలేదు.